మా సొంత సర్వర్లో చెనక్కాయ అంచు

ధర్మవరంలో మా అక్క నడుపుకునే చీరల పేజీని ఒక పెద్ద యాప్ మూసేసింది. కారణం చెప్పలేదు. ‘మా నియమాలకు విరుద్ధం’ అని ఒక్క వాక్యం వచ్చింది, అంతే. అక్క పెట్టిన చివరి ఫోటో మామిడిపిందెల అంచున్న పచ్చ చీర. దాంట్లో ఏ నియమానికి నొప్పి కలిగిందో ఇప్పటికీ ఎవరికీ తెలియదు. ఏళ్ల తరబడి ఒక్కొక్కరినీ మాటలతో మంచి చేసుకుని పోగేసుకున్న కొనేవాళ్లంతా ఆ పేజీలోనే ఉన్నారు. ఒక్క పూటలో అందరూ పోయారు.

అక్క ఏడవలేదు. ఊరుకుంది. ఏడ్చి ఉంటే నేను నాలుగు మంచిమాటలు చెప్పి నా దారిన నేను పోయేవాణ్ణి. ఊరుకుంది కాబట్టి నాకు పౌరుషం పుట్టుకొచ్చింది. నేను హిందూపురంలో ఇంట్లో కూర్చుని ఒక బెంగళూరు కంపెనీకి కంప్యూటర్ పని చేస్తాను. ఎవరెవరి సర్వర్లకో ఇన్నేళ్లు కాపలా కాసినవాణ్ణి, మా అక్కకు ఒక సర్వర్ పెట్టలేనా అనుకున్నాను. అందులో అక్క మీద ప్రేమ ఎంత, నా గొప్ప నలుగురికీ చూపించుకోవాలన్న దురద ఎంత అని అడిగితే, దురద పాలే కాస్త ఎక్కువని ఇప్పుడు ఒప్పుకుంటాను.

నేను పెట్టదలుచుకున్నదాని పేరు వికేంద్రీకృత సామాజిక మాధ్యమం. పేరు చూసి భయపడాల్సిన పనిలేదు. ఎవరి సర్వర్ వాళ్లు ఇంట్లోనే పెట్టుకోవచ్చు. ఒక సర్వర్లో రాసింది ఇంకో సర్వర్లో ఉన్నవాళ్లు చదవొచ్చు, జవాబు రాయొచ్చు. అందరి నెత్తినా కూర్చునే పెద్ద కంపెనీ ఉండదు. ఇదంతా నా భార్యకు నిలబడి ఉపన్యాసంలా చెప్పాను. ఆమె చిక్కుడుకాయలు ఒలుస్తూ విన్నది.

“యజమాని ఎవరూ ఉండరంటారు. మరి అది పనిచేయకుంటే ఎవరిని తిట్టాల?” అంది.

“నన్ను.”

“అట్లయితే ఉండాడు కదా యజమాని.”

ఆ మాటతో ఆగి ఉండాల్సింది. నేను ఆగే రకం కాదు.

సర్వర్ అంటే ఏదో బీరువా అంత ఉంటుందని మా వాళ్లు ఎదురుచూశారు. నేను తెచ్చిన పెట్టె టిఫిన్ డబ్బా అంత కూడా లేదు. దాన్ని ఎక్కడ పెట్టాలన్న దగ్గర వారం గడిచింది. హిందూపురంలో మా ఇంట్లో పెడితే అది నాదైపోతుందని బావ మనసులో ఉంది. ధర్మవరంలో అక్క ఇంట్లో పెడితే, వాళ్లు నేసే మగ్గం గుంత దుమ్మూ పట్టు నూగూ పెట్టెలోకి పోతాయి. మా ఇళ్లల్లో ఇట్లాంటి చిక్కులన్నీ పెనుకొండలో ఉన్న చిన్నాయన ఇంట్లో తేలతాయి. అది నడిమధ్య ఊరు. సంబంధాలు కుదరాలన్నా, చెడాలన్నా, రెండు పక్షాలూ అక్కడికే వచ్చి కాఫీ తాగుతాయి. అందుకని ప్రపంచంలోని కేంద్రాలన్నిటినీ కూలగొట్టే నా పెట్టె కూడా చివరికి మా వంశానికి కేంద్రమైన చిన్నాయన ఇంటికే చేరింది. విత్తనం చెనక్కాయల మూటలున్న గదిలో, అటక మీద, ఇన్వర్టర్ పక్కన పెట్టాను.

చిన్నాయన చిన్నప్పుడే మగ్గం వదిలేసి సేద్యంలో పడ్డవాడు. పెట్టెను అటూ ఇటూ చూసి, “ఏమప్పా, దీనికి మేత ఏమన్నా పెట్టాల్నా?” అన్నాడు.

“కరెంటు పోకుండా చూస్తే చాలు చిన్నాయనా.”

“అంతేనా! దానికేమి, నేనుండా కదా” అన్నాడు. ఆయన ఉండటమే మా కొంప ముంచుతుందని అప్పుడు మా ఇద్దరికీ తెలియదు.

మా సర్వర్లో పదకొండు మందిమి. అందరం బంధువులమే. అందులో ఇద్దరికి ఏడేళ్లుగా మాటలు లేవు. ఒకరి రాతలు ఒకరికి కనపడకుండా చేసే మీట ఒకటి ఉందని తెలిసి ఆ ఇద్దరూ మొదటిసారి ఒకే విషయానికి సంతోషించారు. ఎవరు చేరాలన్నా ముందు నాకు విన్నపం పెట్టుకోవాలి, నేను సరేనంటేనే తలుపు తెరుచుకుంటుంది. ఆ అధికారం నాకు బాగా తలకెక్కింది. నియమాల పుట ఒకటి రాశాను. మర్యాద, మన్నన, బాధ్యత లాంటి మాటలన్నీ అందులో ఉన్నాయి. మా మేనత్త అది చదివి, “ఇది పెళ్ళిపత్రికా?” అని అడిగింది.

ఆ నియమాల్లో ఒకటి ముఖ్యం. ఫోటో పెడితే, అందులో ఏముందో మాటల్లో కూడా రాయాలి. చూపు లేనివాళ్లకు ఫోన్ అది చదివి వినిపిస్తుంది. మంచి పద్ధతి, దాన్ని నేను ఎగతాళి చేయను. ఎగతాళి చేయాల్సింది నన్నే. మా పదకొండు మందిలో చూపు లేనివాళ్లు లేరు, అయినా వివరం లేని ఫోటో కనపడితే చాలు, బడిలో పంతులులాగా కింద ఎర్ర అక్షరాలతో హెచ్చరిక పెట్టేవాణ్ణి. చిన్నాయన తన చేను ఫోటో పెట్టి ‘ఇది చేను’ అని రాశాడు. చాలదన్నాను. మర్నాడు ఆయన తూర్పున ఎవరి పొలం, పడమర ఏ బండిదారి, ఉత్తరాన ఏ వంక అని చెక్కుబందీ మొత్తం రిజిస్ట్రేషన్ కాగితంలో రాసినట్టు రాసి పెట్టాడు. ఎవరికి తెలిసిన భాషలో వాళ్లు వివరిస్తారన్న సంగతి నాకు అక్కడే అర్థం కావాల్సింది. నేను మాత్రం ‘భేష్’ అని రాశాను.

రెండు వారాలకు అక్క ఫోన్ చేసింది.

“రేయ్, ఈడ మనోళ్ళు తప్ప ఇంకెవరూ ల్యారు కదరా. వీళ్ళకు నేను చీరలు ఎట్ల అమ్మాల? వీళ్ళంతా ఊరికే ఇమ్మనేవాళ్ళు.”

“వస్తారులే అక్కా. వాళ్ళే వెతుక్కుంటా వస్తారు. ఇది మన ఇల్లు, మన తలుపు. మనల్ని కాదని ఎవడూ తీసేయలేడు” అన్నాను. ఆ ‘మన ఇల్లు, మన తలుపు’ నేను రోజుకు నాలుగుసార్లు అనేవాణ్ణి.

కానీ ఖాళీ వాకిలి చూస్తే నాకూ నామోషీగానే ఉంది. అందుకని ఎవరికీ చెప్పకుండా ఒక పని చేశాను. మా సర్వర్ను ఒక రిలేకు కలిపాను. రిలే అంటే మన దగ్గర అందరికీ అని పెట్టిన ప్రతి రాతనూ, ప్రతి ఫోటోనూ వందల సర్వర్లకు అప్పటికప్పుడు చేరవేసేది. వాళ్లవి మనకు తెచ్చేది. ఎవరేం పెట్టినా మామూలుగా ‘అందరికీ’ అని పోయేట్టు మొదట్లోనే నేను అమర్చి ఉంచాను. వికేంద్రీకరణ అంటే అంత ఉదారంగా ఉండాలని నా ఆలోచన. అక్క మాత్రం, నేను తలుపు తీసి లోపలికి రానిచ్చిన పదకొండు మందే చూస్తున్నారనుకుంది. నేను చెప్పిన మాటలకు ఎవరైనా అట్లానే అనుకుంటారు.

అప్పటికి అక్క ఇంట్లో ఒక పెద్ద పని నడుస్తోంది. ఇన్నేళ్లూ బావ, అక్క పట్టు అప్పిచ్చే షావుకారు చెప్పిన డిజైన్లే నేశారు. ఈసారి అక్క సొంతంగా ఒక అంచు గీసింది. గళ్ల కాగితం మీద మూడు నెలలు గీసి, చెరిపి, మళ్లీ గీసి, ఆ గీత ప్రకారం అట్టలకు బెజ్జాలు కొట్టించి, మగ్గం మీద డిజైన్ నడిపే జకార్డుకు ఎక్కించింది. హంసలు కాదు, నెమళ్లు కాదు. చెనక్కాయ చెట్టు, అదే వేరుశనగ. ఆకులు, పసుపు పూలు, కింద మట్టిలోకి దిగే ఊడలు, వాటి చివర జరీతో కాయలు. బెంగళూరులో ఒక చీరల అంగడాయన కాగితం మీద చూసి, ఈ అంచు ఇంకెక్కడా కనపడకుండా ఉంటే పెళ్లిళ్ల కాలానికి నేసినన్ని చీరలు తీసుకుంటానన్నాడు. కనపడితే మాత్రం వద్దన్నాడు. అది కుదిరితే అక్క షావుకారు గడప తొక్కాల్సిన పనిలేదు. తన పేరు మీద, తన అంచుతో అమ్ముకోవచ్చు. కొత్త అంచును మగ్గం దిగేదాకా పక్కింటివాళ్లకు కూడా చూపకపోవడం ఆ వీధిలో అందరికీ పుట్టుకతో వచ్చిన అలవాటు.

అట్లాంటి అక్కను నేను పోరుపెట్టాను. “సర్వర్ నీ కోసమే కదా పెట్టినా. నువ్వే ఏమీ పెట్టకుంటే ఎట్లక్కా?” అని నిష్ఠూరమాడాను. మన ఇంట్లోవాళ్లే కదా అని అక్క ఒక మధ్యాహ్నం మగ్గం మీదున్న అంచును ఫోటో తీసి పెట్టింది.

వివరం కూడా రాసింది. నా ఎర్ర అక్షరాలంటే భయం. చిన్నాయనకు పొలం భాష వచ్చినట్టు అక్కకు మగ్గం భాష వచ్చు. జకార్డు ఎన్ని కొక్కేలది, అట్టలు ఎన్ని, ఒక్క ఆకు ఎన్ని పోగుల్లో తిరుగుతుంది, కాయ దగ్గర జరీ ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుంది, పూవుకు ఏ రంగు ముందు, ఏది వెనక అన్నీ పొందిగ్గా రాసింది. అంత చక్కటి వివరం మా సర్వర్లో అంతకుముందు రాలేదు, ఆ తర్వాతా రాలేదు. నాకు కళ్లు చెమర్చాయి. నేనే అందరికంటే ముందు దాన్ని నా పేరు మీద మళ్లీ పంచాను. పైన ‘ధర్మవరం పట్టు’, ‘కొత్త డిజైన్’ అని వెతికేవాళ్లకు సులువుగా దొరికేట్టు ముద్రలు కూడా వేశాను.

సాయంత్రం చిన్నాయన ఆ ఫోటో కింద రాశాడు: ‘అమ్మా, చెనక్కాయ చెట్టుకు మూడాకులు యాడ చూసినావు? రెమ్మకు నాలుగు ఉండాల.’

అక్క నాలుక కరుచుకుంది. గీతలో నాలుగే ఉన్నాయి, ఒక అట్ట తప్పు కొట్టడం వల్ల నేతలో మూడే వచ్చాయి. మర్నాడు తెల్లవారగానే ఆ అట్ట మార్పించింది. ఆ సంగతి చెప్పడానికే నాకు ఫోన్ చేసింది. మాట మధ్యలో ఇంకోటి అడిగింది.

“రేయ్, ఆ ఫోటో బాగుందని యాభై మంది దాకా గుర్తు పెట్టినారు. ఒకామె ఏదో తెలియని భాషలో రాసుండాది. వీళ్ళంతా ఎవరురా? నువ్వు పదకొండు మందే అంటివి కదా.”

రిలే సంగతి అప్పుడు గుర్తుకొచ్చింది. “అక్కా, దాన్ని ముందు తీసేయ్. మళ్ళీ చెప్తా” అన్నాను.

“తీస్తాండా... ఉండు. అయ్యో, ఇది తెరుచుకోవడం ల్యాదురా. చూస్తాండగానే పోయింది.”

నా కంప్యూటర్లోనూ తెరుచుకోలేదు. చిన్నాయనకు ఫోన్ చేశాను. వెనకాల బస్సు హోరు వినిపించింది.

“మేము రొద్దంలో పెళ్ళికి పోతాండామప్పా. రేపు రాత్రికి వస్తాము.”

“చిన్నాయనా, పెట్టె ఆగిపోయినట్టుంది!”

“ఆగిపోవడం ఏమి, నేనే ఆపినా. ఇల్లు తాళం పెట్టేటప్పుడు మెయిన్ ఆపకుండా పోతారా ఎవరన్నా? నీ పెట్టె కాలిపోతే నీకే కదా నష్టం!”

ఆయన చెప్పింది నిజం. మా ఇళ్లల్లో తాళం వేసేముందు గ్యాసు తిప్పుతారు, మోటారు ఆపుతారు, ఆఖరున మెయిన్ దించుతారు. ఇన్వర్టర్ కాసేపు మోసి, అక్క మాట్లాడుతుండగానే చేతులెత్తేసినట్టుంది. ఇన్ని నియమాలు రాసిన నేను, ఊరికి పోయేటప్పుడు మెయిన్ దించొద్దని మాత్రం రాయలేదు. ఫోటో అప్పటికే ప్రపంచమంతా పోయింది. దాన్ని తీసేయమని చెప్పాల్సిన పెట్టె మాత్రం చెనక్కాయ మూటల మధ్య చల్లగా పడుకుంది.

హిందూపురంలో బస్సెక్కాను. సోమందేపల్లిలో డ్రైవరు టీ తాగాడు, కండక్టరు టీ తాగాడు, ఇద్దరూ కలిసి రాజకీయం మాట్లాడుకున్నారు. పెనుకొండలో దిగి రొద్దం బస్సు పట్టుకున్నాను. పెళ్లింట్లో చిన్నాయన నన్ను చూసి అందరికీ వినపడేట్టు, “మావాడు కంప్యూటర్ ఇంజనీరు, దాని తాళం కోసం ఇంత దూరం వచ్చినాడు” అని పరిచయం చేశాడు. తాళంచెవి చిన్నమ్మ దగ్గర ఉంది, చిన్నమ్మ పెళ్లికూతురు గదిలో ఉంది.

“అన్నం తినకుండా పోతే మాట వస్తాది. కూర్చో” అంది చిన్నమ్మ, తాళంచెవి కొంగున ముడేసుకుంటూ. కూర్చున్నాను. విస్తట్లో ఒబ్బట్టు మీద ఒబ్బట్టు పడింది. మా అక్క అంచు ఏ దేశంలో ఎవడి తెర మీద ఉందో అనుకుంటూ మూడు తిన్నాను. సిగ్గు లేకుండా చెప్తున్నాను, చాలా బాగున్నాయి.

పెనుకొండకు తిరిగొచ్చి మెయిన్ ఎత్తేసరికి పొద్దు వాలింది. ఫోటో తీసేశాను. ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మా సర్వర్లో తీసేస్తే మిగతా సర్వర్లకు పోయేది ఆజ్ఞ కాదు, మనవి. దయచేసి మీ దగ్గరున్న నకలు కూడా తీసేయండి అని అడగడమే. వినేవాళ్లు వింటారు, వినని వాళ్లను అడిగే నాథుడు లేడు. యజమాని లేకపోవడమే దీని గొప్ప అని నేనే కదా చెప్పాను. వెతికి చూశాను. చాలాచోట్ల పోయింది. కొన్నిచోట్ల ఉంది. డిజైన్ల ఫోటోలు పోగేసే ఒక ఖాతాలో అక్క రాసిన వివరంతో సహా ఉంది. వాళ్లకు రాశాను. జవాబు లేదు.

అక్క ఫోన్ చేసింది. “పోయిందా?”

“పోయిందక్కా.”

“అన్ని చోట్లా?”

“అన్ని చోట్లా.”

ఈ జ్ఞాపకంలో మిగతావన్నీ నవ్వుతూ రాయగలుగుతున్నాను, ఆ రెండు ముక్కలు తప్ప. ఆ ఫోటో బయటికి పోవడం నా తెలివితక్కువతనం. ఆ మాట మాత్రం తెలిసి చెప్పిన అబద్ధం. నిజం చెప్పి ఉంటే అక్క అప్పుడే బెంగళూరు ఆయనకు ఒక మాట చెప్పుకునేది. ఇంకో అంచు గీసుకోవడానికి సమయం ఉండేది. నేను చెప్పలేదు, ఎందుకంటే నా సర్వర్ చెడ్డపేరు తెచ్చుకోవడం నాకు ఇష్టం లేకపోయింది.

నెలన్నర తర్వాత నా భార్య బజారు నుంచి ఫోన్ చేసి ఒక అంగడికి రమ్మంది. కౌంటర్ మీద పవర్‌లూమ్ చీరలు దొంతరగా ఉన్నాయి. పైదానికి చెనక్కాయ అంచు. పూలు, ఊడలు, కాయలు. రెమ్మకు మూడాకులు.

“కొత్త డిజైన్ సార్, బాగా పోతాండాది” అన్నాడు అంగడివాడు.

నా భార్య చీర మడత పెడుతూ, “మీ వికేంద్రీకరణ మన బజారు దాకా వచ్చేసింది చూడండి” అంది. నవ్వుతూ అనలేదు.

మర్నాడు రైల్లో ధర్మవరం పోయాను. ఎట్లా చెప్పాలో దారిపొడవునా పేర్చుకున్నాను. ఆ శ్రమ అక్కర్లేకపోయింది. బెంగళూరు ఆయన అంతకు నాలుగు రోజుల ముందే ఆ చీర ఫోటో పంపి, మన మాట అయిపోయిందన్నాడట. అక్క షావుకారు ఇచ్చిన నెమళ్ల అంచు నేస్తోంది. బావ నన్ను చూసి పలకరించి, ఏదో పనుందని బయటికి పోయాడు.

“మూడాకులు చూసినప్పుడే తెలిసె” అంది అక్క. “ఆ మూడాకులు నా మగ్గం మీద ఒక్క దినమే ఉండె.”

నేను మగ్గం పక్కన కూర్చున్నాను.

“ఆ పెద్ద యాపోడు నా పేజీ తీసేసినప్పుడు వాణ్ణి తిట్టుకున్యా. వాడు పరాయోడు, తిట్టేకి బాగుండె” అంది. “అన్ని చోట్లా పోయిందంటివే?”

అడిగి, తనే లేచి కాఫీ పెట్టింది.

సర్వర్ ఇప్పటికీ నడుస్తోంది. రిలే తీసేశాను, ఎర్ర అక్షరాలు మానేశాను. తొమ్మిది మందిమి ఉన్నాం. అక్క, బావ లేరు. చిన్నాయన మాత్రం రోజూ ఏదో ఒకటి పెడతాడు. ఊరికి పోయేటప్పుడు మెయిన్ దించొద్దని తలుపు వెనకాల పెద్ద అక్షరాలతో రాసి అంటించాను. ఆయన అది చదివి, బాగుందని మెచ్చుకుని, మెయిన్ దించి పోతున్నాడు.

మొన్న మళ్లీ ధర్మవరం పోయాను. అక్క కొత్త అంచు ఒకటి గీసిందని, మగ్గానికి ఎక్కించిందని చిన్నమ్మ చెప్పింది. గడప దగ్గర చెప్పులు విడిచి లోపలికి అడుగు పెడుతుంటే మగ్గం గదిలోంచి అక్క పలికింది.

“వచ్చినావా? రా, అన్నం తిందువు. ఆ ఫోను మాత్రం ఆడనే గూట్లో పెట్టి రారా.”

కోపంగా అని ఉంటే నేనూ ఏదో ఒకటి అనేవాణ్ణి. కాళ్లు కడుక్కుని రమ్మన్నట్టు మామూలుగా అంది. గూట్లో అప్పటికే ఇంకో ఫోన్ ఉంది, అట్టలు కొట్టేవాడిదట. దాని పక్కన నాది పెట్టి లోపలికి పోయాను.